ముక్కుకెక్కే కారం

మూడేళ్ల కిందట మా టీమ్ లంచ్ హైదరాబాదులో ఒక జపనీస్ రెస్టారెంట్లో పెట్టారు. నల్ల పళ్లెంలో చిన్న చిన్న అన్నం ముద్దలు, వాటి మీద పచ్చి చేప, పక్కన గులాబీ రంగు అల్లం, ఒక మూల ఉసిరికాయంత ఆకుపచ్చ ముద్ద. నేను ఆ ముద్ద వైపు చూస్తుంటే పక్కనున్న కొలీగ్ అన్నాడు: "మీది కర్నూలు కదా బ్రో, వసాబి మీకొక లెక్కా?"

సీమవాళ్లకి ఇలాంటి మాటలు అలవాటే. సినిమాల్లో మాకు కత్తులిచ్చారు, హోటళ్లలో కారమిచ్చారు. రెండూ ఒకటే పౌరుషం కింద జమ. నేనూ ఆ పౌరుషానికి లొంగి, ముద్దలో సగం చాప్‌స్టిక్స్‌తో తీసి నోట్లో వేసుకున్నా.

నాలుక మీద ఏమీ జరగలేదు. కొంచెం తీపిగా కూడా అనిపించింది. ఒక్క క్షణం గెలిచాననుకున్నా. తర్వాత ఏదో అంగిలి వెనక నుంచి ముక్కులోకి పాకి, అక్కడి నుంచి నడినెత్తికి ఎక్కింది. కళ్లు ధారగా కారాయి. ఊపిరి పీలుస్తే మంట, వదిలితే మంట. ఇరవై సెకండ్లలో అంతా సద్దుమణిగింది. ఏమీ జరగనట్టు నోరు మామూలైపోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో వీడియో తీసుకున్నారు. "సీమ పరువు తీసినావు" అన్నది కడప అమ్మాయి.

పరువు సంగతి అటుంచితే, ఆ ఇరవై సెకండ్లలో నాకు తట్టింది వేరే. ఈ ఘాటు నాకు తెలుసు. ఎక్కడ తెలుసో వెంటనే గుర్తు రాలేదు. బిల్లు కట్టి, లిఫ్టులో దిగుతుంటే గుర్తొచ్చింది. బేతంచెర్లలో మా ఇంటి వెనక పంచ, అక్కడ రాయి ముందు కూర్చున్న మా అవ్వ.

బేతంచెర్ల పేరు చాలామందికి తెలియకపోయినా, మా రాయి మీద నడిచే ఉంటారు. బేతంచెర్ల నాపరాళ్లని సున్నపురాయి పలకలు. పాత ఇళ్ల నేలలు, బడి వరండాలు, గుడి ప్రాకారాలు ఎక్కడ చూసినా అవే. మా నాయన పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. విరిగిపోయిన ముక్కలు ఇంటికి తెచ్చుకుంటే అడిగేవాళ్లు లేరు గాబట్టి, మా దొడ్డి నిండా రకరకాల రంగుల పలకలు పరిచి ఉండేవి. అందులో ఒక నల్లటి ముక్క అవ్వది. దాన్ని సానరాయిలా వాడేది. శొంఠి, వస, కరక్కాయ, ఏది అరగదీయాలన్నా అదే.

అవ్వకి మోకాళ్ల నొప్పులు. చలికాలం వచ్చిందంటే దొడ్లో మునగచెట్టు మొదట్లో తవ్వి, వేలెడంత వేరు తెంపుకొచ్చేది. కడిగి, దాని పట్టని గుప్పెడు ఆవాలతో కలిపి, నీళ్లు చిలకరిస్తూ నూరేది. నేను పక్కన చేరితే "దూరం జరుగురా, కండ్లు మండ్తాయి" అని తరిమేది. నేను జరిగేవాణ్ని కాదు. ఆ ఘాటు ముక్కులో పడితే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేవి. ఆ ముద్దని గుడ్డ మీద పరిచి మోకాలికి కట్టుకునేది. ఎక్కువసేపు ఉంచితే బొబ్బలెక్కుతాయని, మంట మొదలవగానే తీసేసేది.

బేతంచెర్లలో అవ్వ మోకాలి మందుకీ, హైదరాబాదులో పళ్లెం మూలనున్న ముద్దకీ ఒకే ఘాటు ఎందుకుండాలి? ఈ ప్రశ్న పట్టుకుని నేను వారాంతాల్లో చదవడం మొదలుపెట్టాను. వృక్షశాస్త్రం నా సబ్జెక్టు కాదు. ఇంజనీరింగులో నేను చదివిన చెట్లన్నీ బైనరీ చెట్లే. తప్పులుంటే తెలిసినవాళ్లు దిద్దండి.

ముందు కారం సంగతి. తెలుగులో మనం దేన్నయినా కారం అంటాం గానీ, ఒళ్లు మాత్రం రెండింటిని విడివిడిగా గుర్తుపడుతుంది. మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది గాల్లోకి సులువుగా లేవదు, నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నాలుకనీ పెదాలనీ పట్టుకుని వేలాడుతుంది. మంచినీళ్లు తాగితే తగ్గదు, మజ్జిగ తాగితే తగ్గుతుంది. దాన్ని పట్టుకునే నరాల తలుపు వేరు. వేడిని పట్టుకునేదీ అదే తలుపు. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. వసాబిలోనూ ఆవాల్లోనూ ఉన్నది వేరే సరుకు. ఐసోథయోసయనేట్లు అంటారు. అది ఆవిరిలా లేచిపోయే నూనె. నాలుక మీద ఆగదు, ముక్కుకి పోతుంది, గాలితో బయటికి పోతుంది. దాని తలుపు కూడా వేరే. జూలియస్ బృందమే 2004లో ఆవనూనె ఆ తలుపు తడుతుందని తేల్చింది. ఈ రెండోదానికి మన భాషలో మంచి మాటే ఉంది: ఘాటు. కాకపోతే ఈమధ్య దాన్ని మసాలాకీ సెంటుకీ, చివరికి ప్రేమలేఖలకి కూడా వాడేసి పలుచన చేసుకున్నాం.

ఇంకో ముచ్చట. ఈ ఘాటు మొక్కలో సిద్ధంగా ఉండదు. ఆవగింజని ఊరికే నోట్లో వేసుకుని మింగితే ఏ మంటా తెలియదు. మొక్క దగ్గర రెండు వస్తువులు వేర్వేరు గదుల్లో తాళం వేసి ఉంటాయి. ఒకటి గంధకం కలిసిన చక్కెర లాంటి పదార్థం, రెండోది దాన్ని విడగొట్టే ఎంజైము. పురుగు కొరికినా, రోట్లో నూరినా గోడలు కూలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది ఘాటు. పురుగుని తరమడానికి మొక్క పెట్టుకున్న ఏర్పాటు అది. మనం పురుగు కంటే మొండివాళ్లం కాబట్టి దాన్ని పచ్చడి చేసుకున్నాం.

ఈ ఏర్పాటు ఉన్న మొక్కలు చాలావరకు చుట్టాలు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, వసాబి ఒక కుటుంబం. మా చేలగట్ల మీద కలుపుగా మొలిచే వామింట వాటికి దగ్గరి చుట్టం. బొప్పాయి ఇంకొంచెం దూరం. బొప్పాయి గింజ కొరికి చూడండి, తెలుస్తుంది. వీటన్నిటితో పాటు అదే పెద్ద వంశంలో మునగ. అంటే అవ్వ ఆ రాయి మీద నూరినవి రెండూ వసాబికి బంధువులే. నా ముక్కు అబద్ధం చెప్పలేదు.

మునగకీ ఈ వంశానికీ చుట్టరికం కలపడానికి వృక్షశాస్త్రజ్ఞులకి చాలాకాలం పట్టింది. 1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి వేసిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువులో మునగ మీద ఒక ఆరోపం ఉంది. అందులో జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆయన అభిప్రాయం ఇచ్చారు: ఇది విచిత్రమైన చెట్టు, దీన్ని ఏ వర్గంలో పెట్టాలో ఎవరికీ తెలియడం లేదు, చాలావాటితో దీనికి పోలికలున్నాయి అని. 1970లలో రోల్ఫ్ డాల్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త, పూలూ కాయలూ సరే, ఈ ఘాటు రసాయనం ఉన్న కుటుంబాలన్నిటినీ ఒకచోట చేరిస్తే ఎలా ఉంటుంది అని ప్రతిపాదించాడు. అప్పట్లో చాలామందికి అది వింతగా తోచింది. 1990లలో డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాక చూస్తే ఒకట్రెండు మినహా ఆయన మాటే నిజమైంది. ఆకు చూసి, పువ్వు చూసి తేల్చలేనిది ముక్కు తేల్చింది.

అయితే వంటవాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు. ఇంగ్లీషువాళ్లు మునగని 'హార్స్‌రాడిష్ చెట్టు' అన్నారు. హార్స్‌రాడిష్ అంటే వాళ్ల దేశంలో వేయించిన గొడ్డుమాంసంతో తురిమి తినే ఘాటు దుంప. అది కూడా ఆవ కుటుంబమే. ఇక్కడి ఎండకి ఆ దుంప బతకదు. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల బంగళాల్లో వంటవాళ్లు మునగ వేరు తవ్వి, పైతోలు తీసి, గీకి, దాని బదులు వడ్డించేవారు. రుచి దాదాపు ఒకటేనని హాబ్సన్-జాబ్సన్ కూడా ఒప్పుకుంది. మునక్కాయ ఊరగాయ మాత్రం తెల్లవాళ్లకి కడుపులో తిప్పుతుందని ఇంకో పుస్తకం మాట ఎత్తి రాసింది. వేరు తిన్నవాళ్లు కాయ తినలేకపోయారు, కాయ తినే మనం వేరు తినలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక: ఇది చదివి ఎవరూ మునగ వేరు తురుముకు తినొద్దు. ఆ వేరు తోలులో ఒంటికి చెరుపు చేసే ఆల్కలాయిడ్లున్నాయి. అవ్వ దాన్ని పైపూతకే వాడింది, నోట్లో పెట్టలేదు.

మా ఊరి దగ్గర బిళ్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, సైన్యంలో పనిచేసే ఆయన కొడుకు హెన్రీ, ఆ గుహల్లో తవ్వకాలు జరిపి పాత జంతువుల ఎముకలు బయటకి తీశారు. చిన్నప్పుడు పిక్నిక్కి పోయినప్పుడు ఆ కథ మాకు మాస్టరు చెప్పారు. ఇప్పుడు మాత్రం నాకు ఎముకల కంటే వాళ్ల రాత్రి భోజనం మీద ధ్యాస. గుడారంలో వంటవాడు వాళ్లకోసం బేతంచెర్ల మునగ వేరు గీకి పెట్టి ఉంటాడా అని. అలాంటివి ఎవరూ రిపోర్టుల్లో రాయరు.

ఇంగ్లీషువాడు మన చెట్టుకి తన దుంప పేరు పెట్టాడని ఉడుక్కునే హక్కు నాకు లేదు. నేను అవ్వ మందుని జపాన్ పేరుతో గుర్తుపట్టినవాణ్ని. సంస్కృతంలో మాత్రం ఆ చెట్టుని ఆ చెట్టుగానే చూసిన పేరుంది. అమరకోశం మునగకి ఇచ్చిన పర్యాయపదాల్లో శోభాంజనం, శిగ్రువు పక్కన తీక్ష్ణగంధకం కూడా ఉంది. అంటే ఘాటు వాసనది. కాయనీ ఆకునీ వదిలి ఆ పేరు పెట్టినవాళ్లు కచ్చితంగా నూరి వాసన చూసినవాళ్లే.

ఇక అసలు వసాబి. జపాన్‌లో దాని పేరు 7వ శతాబ్దంలోనే కనబడుతుంది. అసుకా అనే పాత రాజధానిలో ఒక రాజోద్యానం తవ్వకాల్లో, కొలత రాసి కట్టిన చిన్న చెక్క చీటీ మీద వసాబి అని ఉంది. 918 నాటి ఔషధ నిఘంటువులోనూ ఉంది. అంటే అక్కడ కూడా మొదలు మందు కిందే లెక్క. వాగుల ఒడ్డున దానంతట అది పెరిగిన మొక్కని తెచ్చుకునేవాళ్లు. సాగు మొదలైంది సుమారు 400 ఏళ్ల కిందట, షిజువొకా దగ్గర కొండల్లో ఉతొగి అనే పల్లెలో. తొకుగావా ఇయెయాసు దాన్ని రుచి చూసి మెచ్చి, ఊరు దాటి పోనివ్వొద్దన్నాడని చెబుతారు. వసాబి ఆకు ఆయన వంశచిహ్నంలోని ఆకులా ఉండటం కూడా ఒక కారణమట. రాజులకి మెచ్చుకోవడానికి ఏదో ఒక వంక కావాలి.

పల్లె దాటొద్దన్నది దాటింది. 1744లో ఇజు ద్వీపకల్పంలోని అమాగి నుంచి ఇతగాకి కన్‌షిరో అనే ఆయన పుట్టగొడుగుల పెంపకం నేర్పడానికి ఉతొగి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు వసాబి నారు తెచ్చాడు. ఊరివాళ్లు కృతజ్ఞతగా రహస్యంగా ఇచ్చారని కథ. అమాగి వాగుల్లో అది ఇంకా బాగా పెరిగింది. ఆ తర్వాత 19వ శతాబ్దం తొలినాళ్లలో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, అన్నం ముద్ద మీద చేప పెట్టి అమ్మే వీధి తిండి పుట్టింది. చేపకీ అన్నానికీ మధ్య వసాబి రాసేవాళ్లు. మందు కాస్తా తిండి అయింది.

దాని మడుల ఫొటోలు చూసి నేను చాలాసేపు కదల్లేదు. అవి రాతి మడులు. కొండవాలులో మెట్లుమెట్లుగా తవ్వి, అడుగున పెద్ద బండలు, వాటి మీద చిన్న రాళ్లు, ఆ పైన కంకర, అన్నిటికన్నా పైన ఇసుక. ఆ ఇసుకలో మొక్క. పైనుంచి ఊటనీరు మడి మీదుగా పారుతూ, రాళ్లలోంచి వడగట్టుకుంటూ కింది మడికి దిగుతుంది. రాత్రీ పగలూ ఆగకూడదు. నీరు ఏడాది పొడుగునా 10 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. చేతికొచ్చే దుంప కావాలంటే ఏడాదిన్నర, రెండేళ్లు. షిజువొకా వసాబి సాగుని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

మాకు రాయికి కొదవలేదు. వాళ్లకున్నంతా ఉంది, ఇంకా పాలిష్ పట్టి కూడా ఉంది. ఆ మధ్యలో పారాల్సినదే లేదు. మేలో మా దొడ్లో నాపరాయి మీద ఉత్తకాలు పెడితే చర్మం లేచొస్తుంది. అట్లాంటి చోట పెరిగే ఘాటు వేరుగా ఉండాలి. అది భూమిలోకి దిగి నీళ్లు వెతుక్కోవాలి, కొట్టేస్తే మళ్లీ చిగురించాలి, ఎండ మీద ఎదురుతిరగాలి. మునగ అట్లాంటిదే.

అసలు వసాబి అంత కష్టం మీద పండుతుంది గనకనే ఖరీదు. తురిమిన పావుగంటకల్లా దాని ఘాటు దిగిపోతుంది గనక తినే ముందే, సొరచేప తోలు బిగించిన చెక్క మీద గుండ్రంగా తురుముతారు. ప్రపంచంలో చాలా హోటళ్లలో పెట్టేది అది కాదు. హార్స్‌రాడిష్ పొడి, ఆవపొడి, ఆకుపచ్చ రంగు. నేను తిన్నది కూడా అదే అయ్యుంటుంది. అంటే ఆవాలకి రంగేసి నాకు వడ్డించారు, నేను సర్వీసు చార్జీతో సహా కట్టి కన్నీళ్లు పెట్టుకున్నాను.

ఆవాలు మా ఇంట్లో రోజుకి రెండు పూటలా వాడతాం కదా, మరి ఆ ఘాటు నాకెందుకు కొత్తయింది? జవాబు తిరగవాతలో ఉంది. కాగిన నూనెలో ఆవాలు వేస్తే గింజలోని ఎంజైము క్షణంలో చచ్చిపోతుంది. రెండు గదుల తలుపులు తెరుచుకునేలోపే ఒక గదిలో మనిషి లేడు. ఘాటు పుట్టదు, కమ్మటి వాసన ఒక్కటే మిగులుతుంది. చిటపటలాడిన ఆవగింజ ఓడిపోయిన ఆవగింజ. పచ్చిగా నూరితేనే అది ఆవ. కాలేజీ హాస్టల్లో మా రూమ్మేటుది తూర్పు గోదావరి. వాళ్లింటి నుంచి వచ్చిన ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని, ఇదేదో పాడైపోయిందని పక్కన పెట్టినవాణ్ని నేను. మా ఇంట్లో పచ్చి ఆవపిండి ఊరగాయ జాడీలో మిరపపొడి చాటునే కనబడేది. దాని గొంతు ఎప్పుడూ వినలేదు.

కాబట్టి ఘాటు కోస్తావాళ్లది, కారం సీమవాళ్లది అని తేల్చేయొచ్చు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఆముక్తమాల్యద చదివేదాకా.

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తన ఇంటికొచ్చిన వైష్ణవులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో కృష్ణదేవరాయలు మొదటి ఆశ్వాసంలో వర్ణిస్తాడు. వానాకాలానికి ఒక భోజనం, ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి. చలికాలపు పద్యంలో కొత్త బియ్యపు అన్నం ఉంది, మిరియాల పొడి తగిలిన వేడి కూరలున్నాయి. ఆ పక్కనే ముక్కుకి మందులా పనిచేసే ఆవ పచ్చళ్లున్నాయి. ముక్కుకి మందు! ఈ ఒక్క మాట కోసం ఆ పద్యం నాలుగుసార్లు చదువుకున్నా. జలుబు చేసిన చలికాలపు పొద్దున అన్నంలో ఆవ కలుపుకుని, ముక్కు వదిలి, కళ్లు తుడుచుకున్న మనిషి మాత్రమే రాయగల మాట అది. హైదరాబాదు రెస్టారెంట్లో నాకు జరిగింది 500 ఏళ్ల ముందు రాయలు రాసిపెట్టాడు.

ఆ మూడు భోజనాల్లో ఎక్కడా మిరపకాయ లేదు. ఉండే వీలు లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది మిరియాల కోసం. 1510లో పోర్చుగీసులు గోవా పట్టుకున్నారు. అప్పటికి రాయలు గద్దెనెక్కి ఏడాది. విజయనగరానికి గుర్రాలు అమ్మింది వాళ్లే. ఆ ఓడలవాళ్ల చేతుల మీదుగానే 16వ శతాబ్దంలో మిరప మన దేశానికి చేరింది. మిరియాల కోసం వచ్చినవాళ్లు మిరపకాయ ఇచ్చిపోయారు. మనం దానికి మిరియం పేరే పెట్టుకున్నాం. తమిళంలో మిళగు, మిళగాయ్. కన్నడంలో మెణసు, మెణసినకాయి. తెలుగులో మిరియం, మిరపకాయ. అంటే కొత్తగా వచ్చినదాన్ని పాతదాని బదులు సరుకుగా గుర్తించారు. ఇక కారం అనే మాట ఎలా చేతులు మారిందో చూడండి. ఆరు రుచుల లెక్కలో కారం అంటే కటురసం. ఆ రసానికి ఆయుర్వేదం చెప్పే త్రికటువు శొంఠి, మిరియాలు, పిప్పళ్లు. ఇప్పుడు 'కారం డబ్బా తే' అంటే శొంఠి తెచ్చేవాళ్లెవరూ లేరు. మిరపపొడే కారం. అది వంటింటినే కాదు, నిఘంటువుని కూడా ఆక్రమించింది.

మా ప్రాంతానికి రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాలలో జరిగిన దత్తమండలాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదన మీద స్థిరపడింది. నంద్యాల మా బేతంచెర్లకి రైల్లో దగ్గరే. ఆ రాయల పేరు పెట్టుకున్న మేము, ఆ రాయలు ఎరగని కాయని మా గుర్తుగా మోస్తున్నాం. ఆయన వర్ణించిన ఘాటు పళ్లెంలోకొస్తే జపాన్ అనుకున్నాం.

ఇది కనిపెట్టిన రోజు చాలా హుషారుగా నాయనకి ఫోన్ చేసి చెప్పాను. నాయన అంతా విని, "ఆ పద్యంలో తింటాండేది ఎవరురా?" అన్నాడు.

నిజమే. అది పరమ వైష్ణవుడి ఇల్లు. నేతి గిన్నెలూ పాయసాలూ ఉన్న భోజనం. మిరియాలు పడమటి కొండల నుంచి వ్యాపారుల చేతుల మీదుగా రావాలి, డబ్బు పెట్టి కొనాలి. ఈ నేల మీద చేను చేసుకున్నవాడి తిండి వేరు. కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాల నవీనశిలాయుగపు ఊళ్ల మట్టి జల్లెడ పట్టి డోరియన్ ఫుల్లర్, ఆయనతో పనిచేసినవాళ్లు కాలిన గింజలు ఏరారు. నాలుగు వేల ఏళ్ల నాటి ఆ గింజల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. సీమ పళ్లెం అడుగు అది. దాని పైన ఏముండాలన్నది ఎవరి చేతిలో ఎంతుందో దాన్ని బట్టి.

మిరప అక్కడ గెలిచింది. అది పెరట్లో, చేను గట్టున పండుతుంది. ఎండబెడితే ఏడాది నిలుస్తుంది. వర్తకుడితో పనిలేదు. ఆవలా ఏ పూటకాపూట నూరాల్సిన పనిలేదు, నూరిన పొడి నెలలు గడిచినా కారం వదలదు. తెల్లారకముందే కూలికి పోయే ఆడమనిషికి ఇవన్నీ పెద్ద విషయాలు. జొన్నరొట్టె మీద ఎర్రకారం, ఇంత ఉల్లిగడ్డ, ఉంటే కాస్త నూనె. కూర లేని రోజు కూర పని చేసింది కారం. 1876 నుంచి 78 దాకా నడిచిన ధాతు కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ తర్వాత కూడా వానలు మాతో ఎప్పుడూ సరిగ్గా లేవు. మేం కారం ఎక్కువ తింటామని లోకం పౌరుషం కింద రాసుకున్నది చాలావరకు పళ్లెంలో ఇంకేమీ లేకపోవడమే. ఇది నేను గణాంకాలు చూసి చెప్పడం లేదు. "కూరెందుకురా, కారం ఉండాది గదా" అన్న అవ్వ మాటని ఇన్నేళ్లూ రుచి అనుకున్నాను.

అందుకని మిరపని పరాయిదని తరిమేసి ఆవకి పట్టం కట్టే పని నాకు వద్దు. వచ్చిన కాయ మా వాళ్లని బతికించింది. నాకు కష్టం కలిగించేది ఇంకోటి. ఘాటు మా ఇంట్లో నుంచి ఎప్పుడూ పోలేదు. అది తిండిలోంచి మందులోకి జరిగింది, అంతే. పళ్లెంలోంచి మోకాలి మీదికి. జపాన్‌లో మందు తిండి అయితే, మా దగ్గర దానికి తలకిందులు. అవ్వ పోయాక మందు కూడా కాలేదు. చావిడి పక్కన కొత్తగది వేసినప్పుడు మునగచెట్టు కొట్టేశారు. ఇంటిముందు మునగ ఉంటే దయ్యాలు చేరతాయని ఎవరో అన్నారట. అది వెనక దొడ్లో ఉంది కదా అని అడగడానికి నేను ఊళ్లో లేను.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు హైదరాబాదు సూపర్ మార్కెట్లో ఒక వసాబి ట్యూబు కొనుక్కుని పోయాను. మునగ మొద్దు పక్కన చేతి పొడుగు కొమ్మలు నాలుగు లేచి ఉన్నాయి. అమ్మ వాటి ఆకు దూసి పప్పులో వేస్తాందట. మొదట్లో కొంచెం తవ్వి ఒక వేరు ముక్క తెంపాను. అవ్వ నల్లరాయి కుళాయి కింద బట్టలుతికే బండ అయిపోయింది. దాన్నే కడిగి, అమ్మని అడిగి పిడికెడు ఆవాలు తీసుకుని నూరాను. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మోకాళ్లు నొస్తాండాయా? ఇంత చిన్న వయసులో!" అంది.

ట్యూబు మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసి వెనక్కి తగ్గింది. ట్యూబునీ, రాయినీ మార్చి మార్చి చూసింది.

"మీ అవ్వ మందే ఇది. దీన్ని ట్యూబులో యాల పెట్టినారు?"

తింటారమ్మా అని చెప్పాను. చేపతో.

"తింటే తిననీ. దీనికి పచ్చరంగు యాల ఏసినార్రా, మునగ పట్ట తెల్లగ కదా ఉంటాది?" అని, రాయి మీదున్న ముద్ద వేలితో తీసి తన మోకాలికి పట్టించుకుంది.